బిగింపు మేస్త్రి మూసిన గాలిదారి

రోజూ పొద్దున్నే ముఖం కడుక్కున్నాక, దేవుడికి దణ్ణం పెట్టుకోకముందే, మేస్త్రి చేసే పని ఒకటుండేది. ముందురోజు వార్తాపత్రిక అంచు నుంచి వేలెడు వెడల్పున ఒక పట్టీ చించుకుని, ఇంట్లోని తలుపులూ కిటికీలూ అన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. తలుపు మూసి, రెక్కకూ గుమ్మానికీ మధ్య ఆ కాగితం దూర్చి చూసేవాడు. దూరకపోతే తృప్తిగా తల ఊపి పక్క తలుపు దగ్గరికి నడిచేవాడు. దూరిందో, ఆ పూట టీ చల్లారిపోవాల్సిందే. చిత్రిక పట్టి, బందులు సరిచేసి, మళ్ళీ కాగితం పెట్టి చూసి, అప్పుడుగాని వచ్చి కూర్చునేవాడు కాదు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కరోజైనా నా నాడి పట్టుకుని చూశారా? తలుపుల నాడి మాత్రం పొద్దున్నే చూడాలి" అనేది భార్య.

"నువ్వు వానకి ఉబ్బవు, ఎండకి బిగుసుకుపోవు. నీకెందుకు?"

"ఉబ్బానో లేదో అద్దంలో నేను చూసుకుంటున్నాలెండి. టీ తాగండి ముందు."

తలుపులూ కిటికీలూ చేసి బిగించడమే ఆయన జీవనం. ఆయన బిగించిన గదిలో దుమ్ము చేరదు, ఈదురుగాలి చొరబడదు. దగ్గుతో బాధపడే ముసలివాళ్ళున్న ఇంట్లో పనంటే మిగతా పనులు పక్కన పెట్టి ముందు అక్కడికి వెళ్ళేవాడు. పని అయ్యాక కూడా చలి మొదలయ్యే రోజుల్లో ఎవరూ పిలవకుండానే మళ్ళీ వెళ్ళి, ఆ ముసలాయన మంచం తలవైపు చెయ్యి పెట్టి గాలి తగులుతోందేమో చూసి వచ్చేవాడు. "మేస్త్రి తలుపు వేశాడంటే చీమైనా తలుపు తట్టి రావాల్సిందే" అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. అలా బిగింపు మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరంటే ఆయనకు లోపల్లోపల చాలా ఇష్టం. మనిషికి ఏది ఇష్టమో దాని దగ్గరే కాలు జారుతుందని అప్పటికింకా ఆయనకు తెలియదు.

మేస్త్రి అక్కగారి భర్తది బదిలీల ఉద్యోగం. రెండేళ్ళకో ఊరు, ఏడాదికో ఇల్లు. పిల్ల చదువు చెట్టెక్కుతోందని, కూతుర్ని పదేళ్ళ వయసులో తెచ్చి తమ్ముడి దగ్గర వదిలారు. పిల్లలు లేని ఆ ఇంటికి అది వరం. మేస్త్రి దాన్ని బుజ్జమ్మా అని పిలిచేవాడు. అందరికీ అదే పేరైంది.

బుజ్జమ్మ చదివే బడిలో వాద్య బృందం ఒకటుండేది. అందులో దానికి క్లారినెట్ చేతికొచ్చింది. మొదట్లో అది వాయిస్తుంటే గుమ్మంలో కూర్చున్న పిల్లి లేచి వెళ్ళిపోయేది. రెండేళ్ళు తిరిగేసరికి వీధిన పోయేవాళ్ళు నడక తగ్గించి విని వెళ్ళేవాళ్ళు. సంగీతం మాస్టారు ఒకసారి పనిగట్టుకుని ఇంటికి వచ్చి, "మేస్త్రి గారూ, ఈ పిల్లకి దేవుడిచ్చిన ఊపిరండీ ఇది. ఒక్క స్వరం పట్టుకుని నిలబెడితే నేను ఇరవై రెండు లెక్కపెట్టాను. పెద్దవాళ్ళు కూడా పదహారు దగ్గర తేలిపోతారు. సంగీత కళాశాల ఎంపికకి పంపిద్దాం" అన్నాడు. ఆ రోజు మేస్త్రి కాళ్ళు నేల మీద ఆనలేదు.

అయితే ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. పక్కింట్లో ఉండేది ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ. ఒంటరి మనిషి. ఎక్కువగా రాత్రి డ్యూటీలే పడేవి, పగలు నిద్రపోవాలి. ఆ నర్సమ్మ చేసిన మేళ్ళకు లెక్కలేదు. మేస్త్రి భార్యకు కళ్ళు తిరిగినప్పుడు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. బుజ్జమ్మకు జ్వరం వస్తే డ్యూటీ దిగి వస్తూ దారిలోనే ఆగి చూసి, ఆ తర్వాతే తన ఇంటి తాళం తీసేది. అటువంటి మనిషి ఒక మధ్యాహ్నం ఉబ్బిన కళ్ళతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అన్నయ్యగారూ, అడగడానికి సిగ్గుగా ఉంది. పాప ఎంత బాగా వాయిస్తోందో! కాకపోతే... మధ్యాహ్నం రెండు దాటాక వాయిస్తే నాకు కాస్త కునుకు పడుతుంది. నిన్న వార్డులో ఇంజెక్షన్ చేతిలో పట్టుకుని నిలబడే తూలాను. నాకు భయం వేసింది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "అయ్యో తల్లీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఒంటిపూట బడి, ఆ వేళలు మారవు. వేసవి సెలవులు వస్తున్నాయి, ఎంపికకి మూడు నెలలుంది, రెండు దాకా ఆగితే పిల్లకి సాధన చాలదు. అప్పుడు మేస్త్రి కళ్ళు పెరట్లో ఉన్న షెడ్డు మీద పడ్డాయి. పలుగూ పారా, విరిగిన కుర్చీలూ, పాత గుమ్మాలూ పడేసే రేకుల షెడ్డు అది. రెండు మంచాలు పట్టేంత చోటు. దాన్ని గదిగా మార్చి పిల్లకిచ్చేస్తే నర్సమ్మ నిద్రా దక్కుతుంది, బుజ్జమ్మ సాధనా సాగుతుంది.

పది రోజులు బయటి పనులన్నీ ఆపేశాడు. లోపల ఒక చెక్క గోడ, దానికీ రేకుకీ మధ్య జానెడు ఖాళీ, ఆ ఖాళీ నిండా పాత పరుపుల దూది. పైన ఇంకో వరస చెక్క. కిటికీ తీసేశాడు. తలుపు రెండు పొరలు, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ. మూస్తే ధబ్ మని కాదు, మెత్తగా, పెదవులు కలిసినట్టు మూసుకునేది.

ఫ్యాన్లూ కూలర్లూ బాగుచేసే బావమరిది లైటు పెట్టడానికి వచ్చాడు. లోపలికెళ్ళి తలుపు వేసుకుని, కాసేపటికి చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు.

"బావా, గది బ్రహ్మాండంగా ఉంది. నేను లోపల అరిచి చచ్చినా నీకు వినపడదు."

"అందుకేగా కట్టింది."

"అరవకపోయినా చస్తాను. గాలేదీ?"

"తలుపు తీసినప్పుడు వస్తుందిగా."

"తలుపు తీస్తే శబ్దం పోతుంది, వేస్తే మనిషి పోతాడు. వాయించేది డోలు కాదు బావా, క్లారినెట్. ఊపిరితో పని. ఆ పిల్ల లోపలి గాలంతా పీల్చేసి ఊదేసి, ఊదిందే మళ్ళీ పీల్చాలా? ఇది గది కాదు, మూతపెట్టిన డబ్బా."

"అయితే గోడకి బెజ్జం కొట్టమంటావా? అంత కష్టపడి బిగించి?"

"కొట్టు. కానీ తిన్నగా కాదు, వంకరగా." బావమరిది నేల మీద పుల్లతో గీసి చూపించాడు. ఒక పొడుగాటి పెట్టె. లోపల మూడు అడ్డపలకలు, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, మళ్ళీ ఒకటి పైనుంచి. లోపలంతా దూది అతికించాలి. "గాలి బుద్ధిమంతురాలు బావా, ఎన్ని మలుపులైనా తిరుగుతుంది. శబ్దానికి పొగరెక్కువ, తిన్నగానే పోతుంది. దూదికి గుద్దుకుని గుద్దుకుని నీరసపడిపోతుంది. కింద ఒక పెట్టె గాలి లోపలికి రావడానికి, పైన ఒకటి బయటికి పోవడానికి. పైదానికి చిన్న ఫ్యాను నేను పెడతా. రెంట్లో ఏ ఒక్కటి మూసినా రెండోది దండగ, గుర్తుపెట్టుకో."

"నాకు చెక్క పని నేర్పుతున్నావా?"

"చెక్క నీది. గాలి నాది."

మేస్త్రికి నచ్చలేదు గాని చేశాడు. కింది పెట్టె నోరు షెడ్డు వెనకగోడకు, నర్సమ్మ ఇంటి ప్రహరీ వైపు తెరుచుకునేలా వచ్చింది. ఇంకో చోటు లేదు. ముందువైపు తలుపుంది, పక్కన నీళ్ళ తొట్టి ఉంది.

మొదటిరోజు బుజ్జమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని రెండు గంటలు వాయించి నవ్వుతూ బయటికొచ్చింది. "మావయ్యా, లోపల నా శబ్దం నాకే ఎంత దగ్గరగా వినిపిస్తోందో!" అని మేనమామ చెయ్యి పట్టుకుని ఊపింది. అప్పుడు అందరూ సంతోషంగానే ఉన్నారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

మర్నాడు మేస్త్రి ప్రహరీ పక్కన నిలబడి విన్నాడు. వినిపించింది. సన్నగా, ఎక్కడో దూరంగా ఎవరో ఈల వేస్తున్నట్టు, కింది పెట్టె నోట్లోంచి ఆ స్వరం పాకి వస్తోంది. తను బిగించిన గదిలోంచి ఏదో బయటికి రావడం ఆయన అంతవరకూ ఎరగడు. సాయంత్రం నర్సమ్మ డ్యూటీకి వెళ్తుంటే ఆపి అడిగాడు.

"ఇంకా వినిపిస్తోందా తల్లీ?"

"కొంచెం. పర్వాలేదు అన్నయ్యగారూ, నిజంగా."

ఆ 'కొంచెం' ఆయన ఒంట్లో ముల్లులా దిగింది. పర్వాలేదన్న మాట చెవికెక్కలేదు. ఆ మరుసటి రోజు బుజ్జమ్మ బడికి వెళ్ళినప్పుడు, పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి కింది పెట్టె నోట్లో కూరాడు. జారకుండా అడ్డంగా ఒక బద్ద పెట్టి, రెండు మేకులు కొట్టాడు. వారం రోజుల్లో ఇంకా పొడుగు పెట్టె, ఇంకా రెండు మలుపులతో చేసి పెడదాం, అంతవరకే కదా అనుకున్నాడు. ప్రహరీ దగ్గర నిలబడి విన్నాడు. చడీచప్పుడు లేదు. నర్సమ్మ కోసమే చేశానని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట సగమే నిజం.

కొత్తగా కట్టిన బడి భవనానికి తలుపుల పని వచ్చింది ఆ వారంలోనే. పొడుగు పెట్టె సంగతి మూలనపడింది. రోజూ పెరట్లోకి వెళ్ళి పనిముట్లు తీసుకునేటప్పుడు ఆ బద్ద గుర్తొచ్చేది. రేపు చూద్దాం అనుకునేవాడు. పైన ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. దాని గరగర వింటే లోపల గాలి ఆడుతోందనే ఎవరికైనా అనిపిస్తుంది.

నెల తిరక్కుండానే బుజ్జమ్మ మారింది. గదిలోంచి బయటికొచ్చి అరుగు మీద కూలబడేది. తలనొప్పి అనేది. అన్నం ముందు పెడితే ఆవలించేది. సంగీతం మాస్టారు ఇరవై రెండు లెక్కపెట్టిన స్వరం ఇప్పుడు పద్నాలుగు దగ్గరే తెగిపోతోంది.

"సాధన తగ్గిందా అమ్మా?" అని మాస్టారు అడిగాడు.

"పెంచాను మాస్టారూ. రోజూ మూడు గంటలు."

"మరి ఊపిరేమైంది?"

పిల్లకు తెలియలేదు. ఇంకో అరగంట పెంచింది.

ఒక సాయంత్రం మేస్త్రి రంపం పళ్ళు ఆకురాయితో సానపడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "మావయ్యా, లోపల ఉక్కగా ఉంటోంది. గాలి వస్తోందంటావా?"

మేస్త్రి ఆకురాయి ఆపాడు. దుప్పటి కళ్ళముందు కనిపించింది. బద్ద కనిపించింది. లేచి వెనక్కి వెళ్ళి రెండు మేకులు పీకడానికి ఎంతసేపు పడుతుంది? చెయ్యి కడుక్కునేంత సేపు. అయితే పీకితే, మూసిందెవరని పిల్ల అడుగుతుంది. బావమరిది వింటే, చెప్పానా లేదా అని నవ్వుతాడు. శబ్దం మళ్ళీ ప్రహరీ దాటుతుంది.

"వస్తోందిగా. ఫ్యాను తిరుగుతోంది చూడు" అన్నాడు.

"తిరుగుతోంది గానీ..."

"పరీక్ష భయం అది. దాన్ని ఉక్క మీదికి నెట్టకు. ఒళ్ళు దాచుకుంటే ఊపిరి రాదు బుజ్జమ్మా."

మేనకోడలు ఆయన్ని ఎన్నడూ అనుమానించింది లేదు. "అంతేనేమో" అని లేచి మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు మెత్తగా మూసుకుంది. మేస్త్రి మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

ఎంపిక రోజు మేస్త్రి తోడు వెళ్ళాడు. పెద్ద హాలు, ఎత్తైన కిటికీలు, కావలసినంత గాలి. అయినా బుజ్జమ్మ మూడు నెలల్లో కొత్త అలవాటు నేర్చుకుంది. ఊపిరి చాలదన్న భయంతో, పాట సగంలో, అక్కరలేని చోటల్లా ఆగి గుటక వేసినట్టు గాలి పీల్చుకునేది. అక్కడా అదే చేసింది. వినడానికి కూర్చున్న పెద్దాయన దయగలవాడే. కళ్ళద్దాలు తీసి, "చేతులు బాగున్నాయమ్మా, చెవి బాగుంది. కానీ మాట మధ్యలో తెంపినట్టు తెంపుతున్నావు. ఊదే వాద్యానికి ఊపిరి కావాలి. అది కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. బాధపడకు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్ల ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూ, "పోన్లే మావయ్యా, తెలిసిపోయిందిగా. నాకు లేనిది ఎక్కడినుంచి తేను?" అంది. మేస్త్రి నోరు తెరిచాడు. బస్సు గతుకులో పడింది. నోరు మూసుకున్నాడు.

ఆ వారంలోనే క్లారినెట్ తుడిచి, పెట్టెలో పెట్టి, బడికి తిరిగి ఇచ్చేసింది. షెడ్డులోకి మళ్ళీ పలుగూ పారా చేరాయి.

ఏడేళ్ళు గడిచాయి. బుజ్జమ్మ కళ్ళద్దాల దుకాణంలో పనికి కుదిరింది. వచ్చినవాళ్ళ ముక్కు మీద అద్దం సరిగ్గా కూర్చోబెట్టి, చెవుల వెనక నొక్కుతోందా అని రెండుసార్లు అడిగి పంపే నెమ్మదస్తురాలు. దుకాణానికి దగ్గర్లోనే గది తీసుకుంది. ఆదివారం వచ్చి అత్తయ్య చేతి వంట తిని వెళ్ళేది. మెట్లెక్కితే నవ్వుతూ రెయిలింగు పట్టుకుని, "నాది అసలే కురచ ఊపిరి" అనేది. దీపాలు ఆర్పే ఆటలో పిల్లలు పిలిస్తే, "నన్ను పిలవకండర్రా, ఊపిరి తక్కువ మనిషిని" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రి లేచి ఏదో ఒక తలుపు దగ్గరికి వెళ్ళేవాడు. దుప్పటి సంగతి మరిచిపోయాడని చెప్పడానికి లేదు. మనసులో ఆ వైపు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాడు, అంతే.

ఆ ఏడు వానాకాలంలో ఒక ఆదివారం బుజ్జమ్మ అన్నం కలుపుకుంటూ మామూలుగా ఒక మాట చెప్పింది. "మాస్టారు రిటైరవుతున్నారు అత్తయ్యా. బడిలో పిల్లలకి క్లారినెట్ నేర్పమని నన్నడిగారు. వచ్చే సోమవారంలోగా చెప్పాలట."

"అడిగారా! ఏమన్నావే?"

"ఏమంటాను? ఊపిరి లేనిదాన్ని, పిల్లలకి ఊదడం ఏం నేర్పను? కాదని చెప్పేస్తా. ఆయన మనసు కష్టపెట్టకుండా ఎలా చెప్పాలా అనే వారం గడువడిగాను." నవ్వబోయి, ఆగిపోయి, మజ్జిగ గ్లాసు అందుకుంది. దాని చెయ్యి గ్లాసు మీద వేళ్ళు ఒక్కొక్కటే మూస్తూ తెరుస్తూ ఉంది. ఏడేళ్ళయినా ఆ వేళ్ళు మరిచిపోలేదు. మేస్త్రి చూశాడు.

ఆ బుధవారం ముసురు పట్టింది. బయట పని చేసుకోవడానికి లేక, మేస్త్రి కిటికీ రెక్కలు షెడ్డులోకి మార్చి, జల్లు పడకుండా తలుపు వేసుకుని పనిలో కూర్చున్నాడు. గంట గడిచేసరికి కణతలు బరువెక్కాయి. కొలత వేసి గీత గీశాడు. మళ్ళీ వేశాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. కోసి చూసుకుంటే రెక్క రెండు వేళ్ళు పొట్టి. జన్మలో మొదటిసారి! లేవబోతే కాళ్ళు తేలిపోయాయి. తలుపు తోసుకుని వచ్చి వానలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చాడు.

సరిగ్గా అప్పుడే బావమరిది గొడుగేసుకుని వచ్చాడు. "ఏంటి బావా, వానలో స్నానమా?" అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. లోపల తల పెట్టి వాసన చూశాడు. పైన ఫ్యాను స్విచ్చి వేశాడు, తిరిగింది. కింది పెట్టె దగ్గర చెయ్యి పెట్టాడు, చుక్క గాలి లేదు. గొడుగుతో సహా షెడ్డు వెనక సందులో దూరాడు.

"బావా, ఇందులో దుప్పటుంది!"

"ఎలకలు లాక్కొచ్చి పెట్టుంటాయి" అన్నాడు మేస్త్రి.

సందులోంచి బావమరిది గొంతు మెల్లిగా వచ్చింది. "నాలుగు మడతలు పెట్టి, బద్ద అడ్డం పెట్టి, రెండు మేకులు కొట్టే ఎలకలు మీ ఇంట్లోనే ఉన్నాయి బావా. మేకు తల కూడా చెక్కలోకి దిగేలా కొట్టాయి. ఇంత శుభ్రంగా కొట్టేవాణ్ణి ఊళ్ళో ఒక్కణ్ణే ఎరుగుదును."

వాన పడుతూనే ఉంది. బావమరిది దుప్పటి పట్టుకుని బయటికొచ్చాడు. బూజుపట్టి, అట్టలా బిగిసిపోయింది. "ఎప్పుడు పెట్టావు?"

మేస్త్రి చెప్పక్కర్లేకపోయింది. బావమరిది ముఖంలో లెక్క ముగియడం ఆయన చూశాడు.

"ఆ పిల్ల అప్పుడు నన్నడిగింది బావా. లోపల ఉక్కగా ఉంటోంది, ఒకసారి చూస్తావా బాబాయ్ అని. మీ మావయ్య ఉండగా నేనెందుకే అన్నాను. ఎంత మాటన్నాను!" ఎప్పుడూ ఆటపట్టించే మనిషి, గొడుగు మేస్త్రి చేతిలో పెట్టి తడుస్తూ వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులు మేస్త్రి సరిగా తినలేదు. భార్య అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు. దేవుడి ముందు నిలబడితే మాట కదల్లేదు. గాలిని దేవుడు పేదాగొప్పా చూడకుండా అందరికీ ఇచ్చాడు. దాన్ని ఒక పిల్లకి అందకుండా మేకులు కొట్టి ఆపినవాడు ఏమని వేడుకుంటాడు? క్షమించమని అడగాలంటే ముందు అడగాల్సింది వేరే మనిషినని ఆయనకు తెలుసు. ఆ మనిషి ఆదివారం వస్తుంది. సోమవారం మాస్టారికి కాదని చెప్పేస్తుంది.

ఆదివారం పొద్దున మేస్త్రి పక్కింటికి వెళ్ళాడు. నర్సమ్మ రిటైరై ఏడాదైంది. వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. ఆయన్ని చూడగానే పీట జరిపింది. "రండి అన్నయ్యగారూ. ముఖం అలా పీక్కుపోయిందేం? చెయ్యి ఇలా ఇవ్వండి" అని నాడి చూడబోయింది.

"నాడి బాగానే ఉంది తల్లీ. ఒక్కటి అడుగుతాను, మొహమాటం లేకుండా చెప్పు. బుజ్జమ్మ షెడ్డులో సాధన చేసే రోజుల్లో, కొంచెం వినిపిస్తోందన్నావు. తర్వాత శబ్దం ఆగిపోయాక నిద్ర పట్టిందా?"

నర్సమ్మ కత్తిపీట పక్కన పెట్టి గుర్తుచేసుకుంది. "ఆగిపోవడం నాకు తెలియదే. మీరు అడిగిన మర్నాడు పొద్దున డ్యూటీ దిగి రాగానే నా మంచం వీధివైపు గదిలోకి మార్చేసుకున్నాను. మీరంత కష్టపడి గది కట్టారు, ఇంకా ఏదో చేయాలని అవస్థపడతారని అనిపించింది. మంచం జరుపుకుంటే పోయేదానికి మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడం అని చెప్పలేదు. ఇప్పటికీ అక్కడే పడుకుంటున్నాను."

మేస్త్రి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. దుప్పటి కూరిన రోజుకి ఆ గోడ అవతల నిద్రపోయేవాళ్ళే లేరు. ఒక్క మాట ఆమె చెప్పి ఉంటే, ఒక్క మాట తను అడిగి ఉంటే! ఆమె తప్పేం లేదు. ఆమె మంచితనంతో మంచం జరుపుకుంది. తను పేరు కోసం మేకులు కొట్టాడు.

అన్నీ చెప్పాడు. దుప్పటి, బద్ద, ఆకురాయి పట్టుకుని కూర్చున్న సాయంత్రం, బస్సులో మూసుకున్న నోరు, ఏమీ దాచలేదు. నర్సమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "దానికి ఊపిరి ఉందన్నమాట" అంది.

"ఉంది. ఎప్పుడూ ఉంది."

"ఇది దానికి ఇవాళే చెప్పాలి అన్నయ్యగారూ."

"అందుకే వచ్చాను."

వీధి గేటు చప్పుడైంది. "అత్తయ్యా, మావయ్యేడీ?" అన్న బుజ్జమ్మ గొంతు గోడ మీదుగా ఇటు వినిపించింది. మేస్త్రి లేచి గుమ్మం పట్టుకుని నర్సమ్మ వైపు తిరిగాడు.

"తల్లీ, జీవితంలో నిన్ను చాలా సాయాలు అడిగాను. ఇదొక్కటీ చెయ్యి. నాతో వచ్చి పక్కన కూర్చో. నాకు నా సంగతి తెలుసు. దాని ముఖం చూడగానే తెలియక చేశాననో, మరిచిపోయాననో అనేస్తాను. అది జాలిపడి అక్కడితో వదిలేస్తుంది. అలా అననివ్వకు. నేను తడబడితే నా నోరు మూయించి, తెలిసే మూసి ఉంచాడమ్మా, నువ్వు అడిగినా చెప్పలేదమ్మా అని నువ్వే చెప్పు. నా పరువు చూడొద్దు."